మా సందు చివర హార్డ్‌వేర్ కొట్టు మూసేస్తున్నారు (మీ ఊళ్లలో ఎలా ఉంది?)

లెస్టర్ లక్ష్మి
శనివారం, రాత్రి 9:40

ఇవాళ పాలకని బయటికి వెళ్తే మా సందు చివర హార్డ్‌వేర్ కొట్టు అద్దానికి ఒక కాగితం కనిపించింది. చేత్తో రాసింది. నెలాఖరుకి మూసేస్తున్నాం, ఇన్నాళ్ల ఆదరణకు థాంక్స్ అని రెండే ముక్కలు.

నేను ఇంగ్లండ్ వచ్చి 17 ఏళ్లు. వచ్చిన మొదటి చలికాలం వంటింటి కుళాయి రాత్రంతా కారేది. ఇంటి ఓనరుకి చెబితే వచ్చే వారం, వచ్చే వారం అనేవాడు. నిద్రపట్టక ఓ రోజు పొద్దున్నే ఆ కొట్టుకి వెళ్లాను. లోపల చీకటిగా, కిరసనాయిలు, విత్తనాలు, రబ్బరు కలిసిన వాసన. గోడ పొడుగునా చెక్క సొరుగులు, ఒక్కో సొరుగుకీ ముందు అందులో ఉన్న మేకో మరో కట్టి ఉండేది. ఆ పెద్దాయన నా మాట పూర్తిగా విని, పాత బిల్లు వెనక పెన్సిల్‌తో కుళాయి బొమ్మ గీసి, సింకు కింద మెయిన్ కట్టేసే చోటు ఎక్కడుంటుందో చూపించి, పాత వాషర్ ఊడదీసి తెమ్మన్నాడు. తెచ్చాను. రెండు వేళ్ల మధ్య ఒకసారి దొర్లించి, చూడకుండానే ఒక సొరుగు లాగి ఇంకోటి తీసిచ్చాడు. 20 పెన్స్. వెళ్లేటప్పుడు "టా, మి డక్" అన్నాడు. నన్ను బాతు అంటాడేమిటని ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పి ఉడుక్కున్నాను. ఈ ప్రాంతంలో అది మన "అమ్మా" లాంటి మాటని తర్వాత తెలిసింది.

ఇప్పుడు వాషర్ కావాలంటే రింగ్ రోడ్డు మీద గోడౌనంత పెద్ద షాపుకి రెండు బస్సులు మారి వెళ్లాలి. అక్కడ ఒకటి అమ్మరు, పది ప్యాకెట్టే. అడుగుదామంటే మనిషి కనపడడు.

మీరున్న దేశాల్లో కూడా ఇలాగేనా?

గడుసు గోపాళం
శనివారం, రాత్రి 10:05

లక్ష్మి గారూ, తప్పుగా అనుకోకండి. ఈ ఏడాదిలో ఆ కొట్లో ఎన్నిసార్లు కొన్నారు?

లెస్టర్ లక్ష్మి
శనివారం, రాత్రి 10:11

రెండుసార్లు. రెండోది ఇవాళ, కాగితం చూశాక. సిగ్గేసి ఒక చీపురు కొన్నాను.

గడుసు గోపాళం
శనివారం, రాత్రి 10:13

అదీ సంగతి.

కొండపల్లి బొమ్మ
శనివారం, రాత్రి 11:30

గోపాళం గారూ, ఆవిడ కష్టంలో ఉంటే కోర్టు క్రాస్ ఎగ్జామినేషన్ ఏంటండీ.

నాకు ఈ విషయంలో ఎప్పుడూ వూల్‌వర్త్స్ గుర్తొస్తుంది. నేను లండన్ వచ్చిన కొత్తలోనే అది మూతపడింది. 2009 జనవరి 6న ఆఖరి కొట్లు కూడా మూసేశారు. మొత్తం 807 కొట్లు, 27 వేల దాకా ఉద్యోగాలు. చాక్లెట్లు కలిపి తూకం వేయించుకునే పిక్ అండ్ మిక్స్, స్కూలు పెన్సిళ్లు, క్రిస్మస్ తోరణాలు, అన్నీ అక్కడే. చివరి రోజుల్లో సరుకు అయిపోతే అరలు, బల్లలు కూడా అమ్మేశారు. మా ఆఫీసులో యాభై దాటిన ఇంగ్లీషావిడ ఇంట్లో మనిషి పోయినట్టు మాట్లాడింది.

అప్పుడు కుతూహలం కొద్దీ చదివాను. వూల్‌వర్త్స్ అమెరికా చెయిన్! 1909లో లివర్‌పూల్‌లో ఇక్కడి మొదటి కొట్టు తెరిచారు. 3 పెన్నీలు, 6 పెన్నీలు దాటి ధర ఉండదని బోర్డు. అంత చవగ్గా వాళ్లు అమ్ముతుంటే ఆ వీధిలో పింగాణీ సామాను కొట్టువాడు, బొమ్మల కొట్టువాడు ఏమైపోయి ఉంటారు? వాళ్ల గురించి ఎవరూ ఏడవలేదు, ఏడ్చినా మనదాకా రాలేదు. నూరేళ్లకి ఆ అమెరికా చెయినే "మా ఊరి కొట్టు" అయి కూచుంది.

లక్ష్మి గారి పెద్దాయన కొట్టు అలాంటిది కాదు, నిజమే. కానీ "లోకల్" అనే మాట ఎప్పటినుంచి లెక్కపెడుతున్నామో చూసుకోవాలి కదా.

నైట్‌షిఫ్ట్
ఆదివారం, తెల్లవారుజామున 3:20

పడుకోబోతూ ఇది చూశాను. నాదో మాట.

స్టూడెంట్‌గా వచ్చినప్పుడు మొదట ఒక చిన్న కొట్లో చేరాను. మనవాళ్లదే, ఏ రాష్ట్రమో చెప్పను. గంటకి ఇచ్చేది చట్టం చెప్పినదాంట్లో సగం, అదీ చేతికి. జ్వరమొచ్చి మానేస్తే ఆ రోజు డబ్బు లేదు సరే, తిట్లు అదనం. "మన పిల్లాడివని పెట్టుకున్నా" అనే మాట రోజూ వినేవాడిని. ఆరు నెలల తర్వాత ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో రాత్రిపూట అరలు సర్దే పని దొరికింది. మొదటి పేస్లిప్ ఫొటో తీసి అమ్మకి పంపాను. సెలవుకి కూడా జీతం ఇస్తారని అప్పుడే తెలిసింది.

అందుకని చిన్న కొట్టు అంటే ఆప్యాయత, పెద్ద కొట్టు అంటే రాక్షసి అంటే నాకు ఎక్కదు. కౌంటరుకి ఇవతల నిలబడ్డవాళ్లకే ఆ ఆప్యాయత.

పచ్చిమిర్చి
ఆదివారం, ఉదయం 8:15

విజయవాడలో ఉండి చదువుతున్నా. ఇక్కడా అంతే. మా వీధి కిరాణా శెట్టిగారు "నేడు రొక్కం రేపు అరువు" బోర్డు కింద కూర్చునే అందరికీ అరువిచ్చేవాడు. ఇప్పుడు ఆయన కొడుకే నెలసరుకులకి కారేసుకుని మార్టుకి వెళ్తున్నాడు 😀

మోడరేటర్
ఆదివారం, ఉదయం 8:40

కిరాణా వర్సెస్ మార్టు గురించి ఇక్కడ ఇప్పటికే మూడు థ్రెడ్లు ఉన్నాయి. ఇందులో బయటి దేశాల సంగతే మాట్లాడుకుందాం.

పద్దు పుస్తకం
ఆదివారం, ఉదయం 11:50

నైట్‌షిఫ్ట్ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అయితే అవతలి వైపు కూడా వినాలి. నేను కొట్టువాళ్ల అల్లుణ్ణి.

మా ఆవిడ వాళ్లు గుజరాతీలు. మామగారి కుటుంబం 1972లో ఉగాండా నుంచి వచ్చింది. అక్కడి నియంత ఇడీ అమీన్ 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మన్నాడు కదా, అప్పుడు. లక్ష్మి గారూ, మీ లెస్టర్ కథే ఇది. అప్పటి లెస్టర్ కౌన్సిల్ వాళ్లు ఉగాండా పత్రికలో పనిగట్టుకుని ప్రకటన వేయించారు. ఇక్కడ ఇళ్లు లేవు, స్కూళ్లు నిండిపోయాయి, మా ఊరు రావద్దు అని. లెస్టర్ పేరు కూడా వినని వాళ్లకి ఆ ప్రకటనతోనే ఊరు తెలిసిందని మామగారు నవ్వుతూ చెప్పేవారు. వచ్చినవాళ్లు బెల్‌గ్రేవ్ రోడ్డు మీద డీలా పడిన కొట్లు తీసుకుని చీరలు, నగలు, మిఠాయిలు పెట్టారు. ఇప్పుడు దాన్నే గోల్డెన్ మైల్ అని టూరిస్టులకి చూపిస్తున్నారు.

మామగారిది మాత్రం నగల కొట్టు కాదు, మామూలు కార్నర్ షాపు. తెల్లారి నాలుగున్నరకి పేపర్ల కట్టలు దిగేవి. రాత్రి పదికి షట్టరు. మధ్యలో అత్తగారు, స్కూలు నుంచి వచ్చాక పిల్లలు. మా ఆవిడ హోంవర్కు చిప్స్ అట్టపెట్టెల మీద చేసుకుంది. ఎవరికీ జీతం లేదు. ఆ జీతం లేని పని మీదే ఆ కొట్టు నిలబడింది. లెక్క కట్టి జీతాలు ఇచ్చి ఉంటే మొదటి ఏడాదే మూతపడేది.

ఇక చట్టం సంగతి. 1994లో ఆదివారం వ్యాపారం గురించి చట్టం వచ్చింది. 280 చదరపు మీటర్లు దాటిన కొట్లు ఇంగ్లండ్‌లో ఆదివారం ఆరు గంటలే తెరవాలి. చిన్నవాళ్లకి ఆంక్ష లేదు. మామగారు స్వీట్లు పంచారట, ఇక ఆదివారం మనదే అని. మరి పెద్దవాళ్లు చేతులు ముడుచుకు కూర్చుంటారా? 280 లోపు పట్టే చిన్న కొట్లు పెట్టారు. టెస్కో ఎక్స్‌ప్రెస్, సైన్స్‌బరీస్ లోకల్ అన్నీ ఆ లెక్కకి సరిపోయేవే. 2002లో టెస్కో ఒక్క దెబ్బతో 8 వందల పైచిలుకు చిన్న కొట్లున్న కంపెనీని కొనేసింది. చిన్నవాళ్ల కోసం వదిలిన సందులోంచే ఏనుగు దూరింది.

2011లో మామగారు కొట్టు అమ్మేశారు. ఎదురుగా చెయిన్ వచ్చిందని కాదు. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు ఫార్మసిస్టులు, ఒకరు అకౌంటెంటు. నాలుగున్నరకి ఎవరు లేస్తారు?

లెస్టర్ లక్ష్మి
ఆదివారం, మధ్యాహ్నం 12:30

అన్నయ్యగారూ, ఆ ప్రకటన సంగతి నాకు తెలీదు. రోజూ ఆ రోడ్డు మీదే బస్సెక్కుతాను.

లెక్కల మాస్టారు
ఆదివారం, సాయంత్రం 4:05

వృత్తిరీత్యా చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తాను. నోరు ఊరుకోవడం లేదు.

ఇంగ్లండ్‌లో అందరూ బిజినెస్ రేట్స్ అనే పన్నుని తిడతారు. ఒక్కో కొట్టుకి ఏటా ఎంత అద్దె పలుకుతుందో ప్రభుత్వం ఒక అంచనా వేస్తుంది. పన్ను దాని మీద, అమ్మకం మీద కాదు. బేరాలు ఉన్నా లేకున్నా కట్టాలి. మెయిన్ రోడ్డు మీద ఇరుకు కొట్టుకి చదరపు మీటరుకి పడేది, హైవే పక్క గోడౌనుకి పడేదానికంటే చాలా ఎక్కువ. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు ఆ గోడౌనులో కూచుంటాడు. అయితే అంచనా 12 వేల పౌండ్లు దాటని ఒక్క కొట్టే ఉన్న వ్యాపారికి ఇంగ్లండ్‌లో ఈ పన్ను పూర్తిగా మాఫీ. లక్ష్మి గారి సందు చివర కొట్టు బహుశా ఆ కోవలోదే. కాబట్టి దాన్ని చంపింది పన్ను కాకపోవచ్చు.

మరేది? కొనుగోలు ధర. చిన్న వ్యాపారి క్యాష్ అండ్ క్యారీలో, అంటే టోకు కొట్లో, తెచ్చుకునే ధర కంటే సూపర్‌మార్కెట్ మనకి అమ్మే ధర తక్కువగా ఉండే రోజులు ఉంటాయి. నా క్లయింటు ఒకాయన ఆఫర్ పెట్టినప్పుడల్లా సూపర్‌మార్కెట్‌కే వెళ్లి కూల్‌డ్రింకులు ట్రాలీ నిండా తెచ్చి తన కొట్లో పెట్టుకుంటాడు. రసీదులు నాకే ఇస్తాడు.

ఒకప్పుడు ఇలా లేదు. 1964 దాకా ఇక్కడ తయారుచేసేవాడు చెప్పిన ధరకే అందరూ అమ్మాలి. సబ్బు పెద్ద కొట్లోనూ అదే రేటు, చిన్న కొట్లోనూ అదే రేటు. ఎడ్వర్డ్ హీత్ మంత్రిగా ఉండి ఆ పద్ధతి తీసేయించాడు. గృహిణులకి ధరలు తగ్గాయి, నిజంగానే తగ్గాయి. చిన్న కొట్లకి కాలం చెల్లడం అక్కడే మొదలైందంటాను. పుస్తకాలకి మాత్రం ఆ కట్టుబాటు 1995 దాకా నడిచింది. అది పోయాక పేరున్న నవలల్ని సూపర్‌మార్కెట్లు సగం ధరకి గుట్టలు పోశాయి.

తూలూజ్ తాతాజీ
ఆదివారం, రాత్రి 8:20

పుస్తకాల మాట వచ్చింది కాబట్టి. నేను ఫ్రాన్స్‌లో విమానాల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ ఆ కట్టుబాటు ఇప్పటికీ ఉంది. 1981లో అప్పటి సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ తెచ్చిన చట్టం. కొత్త పుస్తకం మీద ఎవరైనా సరే 5 శాతం దాటి తగ్గించకూడదు. ఆన్‌లైన్ వాళ్లు డెలివరీ ఫ్రీ అని దొడ్డిదారి తొక్కితే, 2023 నుంచి 35 యూరోల లోపు పుస్తకాలకి కనీసం 3 యూరోలు డెలివరీ తీసుకోవాల్సిందే అన్నారు. మా పేటలో పుస్తకాల కొట్టు ఇంకా ఉంది. నా ఫ్రెంచి ఇప్పటికీ అంతంత మాత్రమే అయినా ఆ కొట్లో అమ్మాయి నాకు ఏది నచ్చుతుందో చెప్పగలదు.

ఇక్కడితో ఫ్రాన్స్‌ని పొగడటం ఆపేస్తాను. ఊరి బయట పొలంలో పెద్ద కార్ పార్కింగ్ వేసి, కూరలూ పెట్రోలూ బట్టలూ ఒకేచోట అమ్మే హైపర్‌మార్కెట్టుకి ఈ దేశం పెట్టింది పేరు లెండి. కార్‌ఫూర్ వాళ్లు 1963లో పారిస్ దగ్గర అలాంటిది తెరిచారు. పదేళ్లకి చిన్న వర్తకులు గోల పెడితే పెద్ద కొట్లకి ప్రత్యేక అనుమతి ఉండాలని చట్టం చేశారు. చట్టం ఉంది, హైపర్‌మార్కెట్లూ పెరిగాయి. చిన్న ఊళ్లకి వెళ్తే నడిబొడ్డున చర్చి, దాని ఎదురుగా మూసేసిన మాంసం కొట్టు.

ఆదివారం సెయింట్ ఓబాన్ సంతకి వెళ్తాను. రైతులు, చీజులు, ఆలివ్‌లు, అన్నీ బాగుంటాయి. ధర మాత్రం గుండె దిటవు చేసుకుని అడగాలి. అక్కడ తిరిగేవాళ్లలో సగం నాలాంటి పెన్షనర్లు, మిగతా సగం ఫొటోలు తీసుకునేవాళ్లు. ఇద్దరు పిల్లలున్న తల్లి టమాటాలు ఎక్కడ కొంటుందో ఆ తల్లినే అడగండి.

గడుసు గోపాళం
ఆదివారం, రాత్రి 8:45

తాతాజీ గారు చెప్పిన చివరి వాక్యానికి నా ఓటు. ఈ "పోయిన సంస్కృతి" బాధ కడుపు నిండినవాళ్లది.

డల్లాస్ దోసకాయ
ఆదివారం, రాత్రి 11:55

కడుపు నిండనివాళ్ల కథ నేను చెప్తా గోపాళం.

2004లో ఎమ్మెస్‌కి వచ్చా. మా అపార్ట్‌మెంట్ల పక్క లాండ్రీకీ నెయిల్ సెలూన్‌కీ మధ్య ఒక తెలుగు అంకుల్ కొట్టు. రెండు గదులంత. ఇంగువ వాసన చొక్కాకి పట్టేది. శుక్రవారం సాయంత్రం గోంగూర, దొండకాయ వచ్చేవి, ఏడు దాటితే అయిపోయేవి. ఒక మూల తెలుగు సినిమా క్యాసెట్లు, డీవీడీలు అద్దెకి. తలుపు పక్క నోటీసు బోర్డు, దాని నిండా ఫోన్ నంబర్లు చింపుకునేలా కత్తిరించిన కాగితాలు: రూమ్మేట్ కావలెను, పాత కారు అమ్మబడును, ఇండియా వెళ్లేవాళ్లు ఉంటే చిన్న ప్యాకెట్. నాకు రూమూ, మొదటి కారూ ఆ బోర్డు మీదే దొరికాయి. చేతిలో 11 డాలర్లు ఉన్న నెల ఒకటి నడిచింది. అంకుల్ సోనామసూరి బస్తా ట్రంకులో తనే పెట్టి "ఆన్ క్యాంపస్ జాబొచ్చాక ఇద్దువులే" అన్నాడు. అట్టపెట్టె మూత మీద పేరు రాసుకున్నాడు, అంతే.

ఆయన దేవుడేం కాదు. పాపడాల ప్యాకెట్ మీద డేట్ చూస్తే స్టిక్కరు మీద స్టిక్కరు ఉండేది. కరివేపాకు బంగారం రేటు.

తర్వాత పెద్ద ఇండియన్ సూపర్‌మార్కెట్ వచ్చింది. వెలుతురు, ట్రాలీలు, వారమంతా గోంగూర, సగం ధర. నేనూ వెళ్లా, అబద్ధమెందుకు. అంకుల్ 2015లో మూసేశాడు. ఆఖర్న కనపడినప్పుడు ఒకటే చెప్పాడు: "ఏం చేసినా సరే బాబూ, లీజు మాత్రం పదేళ్లకి రాయకు."

కొండపల్లి బొమ్మ
సోమవారం, ఉదయం 7:10

చూశారా, ఇక్కడ చెయినూ మనదే, మునిగినవాడూ మనవాడే. అమెరికాలో పటేల్ బ్రదర్స్ కూడా 1974లో షికాగో డెవాన్ ఎవెన్యూలో ఒకే ఒక్క కొట్టుతో మొదలైందే. ఇప్పుడు యాభైకి పైన. ఆ మొదటి కొట్లో కూడా ఎవరికో అరువు పెట్టే ఉంటారు.

ఒసాకా ఓబులేసు
సోమవారం, మధ్యాహ్నం 2:30

జపాన్‌లో ఈ కథకి ఇంకో మలుపు ఉంది. ఇక్కడ పాత బజారు వీధుల్ని షోటెంగాయ్ అంటారు. పైన రేకుల కప్పు, రెండు వైపులా కొట్లు. మా ఒసాకాలో తెంజిన్‌బషి దాదాపు 2.6 కిలోమీటర్లు, ఇప్పటికీ కిటకిటే. కానీ రైల్లో ఒక గంట పోయి చిన్న ఊళ్లో దిగండి. అదే కప్పు, అవే దీపాలు, కింద వరసగా దించిన షట్టర్లు. వాటికి పేరే ఉంది, షట్టర్ వీధి అని.

1974లో ఇక్కడ పెద్ద కొట్లని అదుపుచేసే చట్టం అమల్లోకి వచ్చింది. సూపర్‌మార్కెట్ పెట్టాలంటే చుట్టుపక్కల వర్తకులతో ఏళ్ల తరబడి మాట్లాడుకోవాలి. అమెరికా ఒత్తిడితో 90ల్లో సడలించి, 2000లో ఎత్తేశారు. తమాషా ఏమిటంటే అదే 1974లో టోక్యోలో జపాన్ మొదటి సెవెన్ ఇలెవెన్ చెయిన్ కొట్టు తెరిచారు. చిన్న కొట్టు కాబట్టి చట్టం తగలదు. పద్దు పుస్తకం గారి 280 మీటర్ల కథ ఇక్కడ ఇరవై ఏళ్ల ముందే నడిచిందన్నమాట. ఇంకా తమాషా, ఆ మొదటి కొట్టు అంతకు ముందు మద్యం దుకాణం. ఓనరు మారలేదు, బోర్డు మారింది. తర్వాత అలా చేరిన పాత సాకే కొట్లవాళ్లు ఎందరో. మద్యం లైసెన్సు వాళ్ల దగ్గర ఉండేది, కంపెనీకి అదే కావాలి.

మా స్టేషన్ పక్క కోంబిని (ఇలాంటి చిన్న చెయిన్ కొట్టుని ఇక్కడ అలా అంటారు) ఓనరు అలాంటివాడే, రెండో తరం. డెబ్బై దాటాయి. పనిచేసే కుర్రాళ్లు నైట్ డ్యూటీకి దొరకనప్పుడు తెల్లవారుజామున రెండింటికి తనే కౌంటర్లో ఉంటాడు. నన్ను పేరు పెట్టి పిలుస్తాడు, నా కాఫీ సైజు అడగడు. మరి ఇది చెయినా, లోకలా? నాకు తేలలేదు.

నైట్‌షిఫ్ట్
సోమవారం, సాయంత్రం 5:15

ఓబులేసు గారూ, ఇదే నేను చెప్పాలనుకున్నది. మా సూపర్‌మార్కెట్లో ఒక ముసలావిడ రోజూ వస్తుంది. ఒక అరటిపండు, ఒక పిల్లి ఫుడ్ డబ్బా. అన్నీ ఒకేసారి కొనుక్కోవచ్చు కదా అంటే "అప్పుడు రేపు ఎందుకు రావాలి?" అంది. మన బిల్లు మనమే వేసుకునే మెషీన్లు పెట్టాక కూడా మనిషి ఉన్న కౌంటర్ దగ్గరే నిలబడుతుంది. ముందు ఎనిమిది ఉండేవి, ఇప్పుడు రెండు.

గడుసు గోపాళం
సోమవారం, సాయంత్రం 6:00

సరే, ఇక్కడ తగ్గుతాను. మా నాన్న రైతుబజారులో రూపాయి తగ్గింపు కోసం కాదు, కొసరు కోసం బేరమాడేవాడు. తూకం అయ్యాక ఆ పిడికెడు పచ్చిమిరపకాయలు పైన వేయించుకుంటే గానీ కదలడు. ఆ పిడికెడు విలువ ఎంత అని నేను విసుక్కునేవాణ్ణి. మెషీన్ కొసరు వెయ్యదు. పాయింట్లు ఇస్తుంది, నా ఫోన్ నంబరు తీసుకుని.

లెస్టర్ లక్ష్మి
తర్వాతి నెల 4వ తేదీ, రాత్రి 9:15

థ్రెడ్ మళ్లీ పైకి తెస్తున్నందుకు క్షమించండి. కొట్టు మూసేశారు. ఆఖరి రోజు వెళ్లాను. పెద్దాయన ఇప్పుడు రావడం లేదు, మోకాళ్లు. కూతురు ఉంది. సొరుగులు మొత్తం ఎవరో పాత సామాన్ల వ్యాపారి కొనేశాడట, లండన్‌లో ఒక కాఫీ షాపు గోడకి పెడతారట. లోపలి మేకులు వద్దన్నాడని ఆమె బకెట్లలోకి గుమ్మరిస్తోంది. పద్దు పుస్తకం అన్నయ్యగారు గుర్తొచ్చి అడిగాను, మీరు నడపకూడదా అని. నవ్వింది. తను నర్సు, నాటింగ్‌హామ్‌లో.

ఇక నిన్న రాత్రి మా బాత్రూం కుళాయి కారడం మొదలెట్టింది. మెయిన్ ఎక్కడ కట్టాలో నాకే తెలుసు కదా, ఊడదీశాను. రెండు బస్సులు మారి ఆ గోడౌన్ షాపుకి వెళ్లాను. అరగంట వెతికితే ఓ కుర్రాడు కనపడ్డాడు, ఆకుపచ్చ ఏప్రన్. వాషర్ చేతిలో పెట్టాను. వేళ్ల మధ్య దొర్లించాడు. తర్వాత ఫోన్లో చూసి "ఐల్ 14" అన్నాడు. దొరికింది, హాఫ్ ఇంచ్, పది ప్యాకెట్.

లెస్టర్‌లో ఎవరికైనా హాఫ్ ఇంచ్ వాషర్ కావాలంటే మెసేజ్ పెట్టండి. నా దగ్గర తొమ్మిది ఉన్నాయి.